పాఫ్కో పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ అనే పేట ఉంది. అక్కడి టాప్స్ కంపెనీ బబుల్‌గమ్ వ్యాపారం చేసేది. 1952లో ఆ గమ్ము పొట్లాల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మకార్డులు పెట్టి అమ్మింది. మొత్తం 407. కంపెనీకి కావలసింది గమ్ము అమ్ముడుపోవడం, బొమ్మ కొసరు. సై బెర్గర్ అనే ఉద్యోగి తన ఇంట్లో వంటగది బల్ల మీద కూర్చుని ఆ కొసరుకు రూపం దిద్దాడు. ముందువైపు రంగులద్దిన ఫోటో, జట్టు గుర్తు, ఆటగాడి చేవ్రాలు. వెనకవైపు చిన్న జీవితచరిత్ర, నిరుటి లెక్క, మొత్తం ఆటబతుకు లెక్క. ఇంతటి గ్రంథానికి పద్యం లేకపోవడం లోటనిపించి వ్యాఖ్యాతే ఒక ఆటవెలది అల్లుకున్నాడు. మూలం దొరకని చోట వ్యాఖ్యానించేవాడే మూలం రాసుకోవడం మనకు కొత్తేమీ కాదు.

మూలం:

మొదటివాని మూల మొత్తము నరిగెరా
రబ్బరుంగరంపు రాపిడికిని
తుదకు నున్నవాడు తోడయ్యె దుఃఖాన
నడిమివాడు కోటి నగలు తొడిగె

ప్రతిపదార్థం: మొదటివాని = ఒకటవ నంబరు కార్డునందలి యాండీ పాఫ్కో యొక్క; మూల = అట్టకొస, జాత్యేకవచనము గనుక నాలుగు కొసలున్ను; రబ్బరు + ఉంగరంపు = పిల్లలు కార్డులకట్టకు వేసిన రబ్బరు బ్యాండు యొక్క; రాపిడికిని = ఒరపిడి చేత; మొత్తమున్ = శేషమేమియు లేకుండ; అరిగెరా = అరిగిపోయెను (ఇచట 'రా' అనునది పాఠకుని గూర్చిన పిలుపే గాని, వేసవిలో ఇల్లు సర్దుచు కార్డులపెట్టె చెత్తలో వేసిన తల్లిని గూర్చినది కాదు); తుదకున్ = 407వ స్థానమునందు; ఉన్నవాడు = ఎడ్డీ మాథ్యూస్; దుఃఖాన = అదే రాపిడి వలని దుఃఖమునందు; తోడయ్యెన్ = జతగాడాయెను; నడిమివాడు = 311వ నంబరు మికీ మాంటిల్; కోటి నగలు = వేలంపాటలో పలికిన ధనమును; తొడిగెన్ = ధరించెను.

తాత్పర్యం: కట్టలో పైనున్నవాడూ అడుగునున్నవాడూ అరిగిపోగా లోపల దాక్కున్నవాడు బాగుపడ్డాడని భావం.

విశేషాలు: ఆ కాలపు పిల్లలు కార్డుల్ని నంబరు వరసన పేర్చి రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కేవారు. తాటాకు కట్టల్లో మొదటి ఆకూ చివరి ఆకూ ముందు పోయినట్టే ఇక్కడ పాఫ్కో, మాథ్యూస్ పోయారు. దాంతో మూలలు నలగని పాఫ్కో కార్డు దొరకడమే గగనమైంది. 1998లో అలాంటిదొకటి వేలంలో 83,870 డాలర్లు పలికింది.

ఆక్షేపం: పాఫ్కో అంత గొప్పవాడా? సమాధానం: మంచి ఆటగాడే. విస్కాన్సిన్ రాష్ట్రంలో బాయ్స్‌విల్ ఊరివాడు. 1943 నుంచి 1959 దాకా ఆడి 213 హోమ్ రన్లు కొట్టాడు, బ్యాటింగ్ సగటు .285. 1945లో షికాగో కబ్స్‌తో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లాడు. అయినా హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి పీట లేదు. మరి ఆ ధర ఎవరికి? మూలలకు. కార్డును భూతద్దం కింద పెట్టి కొసలు, అంచులు, బొమ్మ నడిమికి కుదిరిందా లేదా అన్నది చూసి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసేవాళ్లున్నారు. మార్కులు వేశాక ప్లాస్టిక్ డబ్బాలో బిగించేస్తారు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. పదిహేడేళ్లు పరుగెత్తిన మనిషి కాళ్లకు అక్కడ ఒక్క మార్కు కూడా లేదు. ఈ వ్యాఖ్యాతకు ఇది నచ్చదు. నచ్చకపోయినా ధర తగ్గలేదు.

మార్కులున్న చోట కాపీ కూడా ఉంటుంది. 1909–11 నాటి పొగాకు కార్డుల్లో హోనస్ వాగ్నర్‌ది పరమ అరుదు. వాటిలో పేరు మోసిన ఒక ప్రతి అంచుల్ని తానే కత్తిరించి నునుపు చేశానని ఒక వేలంపాటల పెద్దమనిషి 2013లో కోర్టు వ్యవహారంలో ఒప్పుకున్నాడు. పరిష్కర్తలు మూలానికి మెరుగులు దిద్దే సంప్రదాయం అక్కడా ఉందన్నమాట.

పాఠాంతరం: 1952 కార్డుల్లో మొదటి 80 రెండు విధాలుగా దొరుకుతాయి. కొన్నిటికి వెనకవైపు నల్ల సిరా, కొన్నిటికి ఎర్ర సిరా. ఏది సాధుపాఠమో తేలేది కాదు గనక ఆస్తిపరులు రెండూ కొంటారు. నల్ల పాఠంలో లేఖక ప్రమాదం ఒకటుంది. 48వ వాడు జో పేజ్, 49వ వాడు జానీ సెయిన్, ఇద్దరూ పిచర్లు. ఒకడి జీవితచరిత్ర ఇంకొకడి వీపున అచ్చయింది. తరవాత దిద్దారు. తప్పున్న ప్రతికే ధర ఎక్కువ. శుద్ధప్రతి అచ్చువేసి నష్టపోయిన మన ప్రచురణకర్తలు దీన్ని గమనించాలి.

'నడిమివాడు' అనడంలో చమత్కారం ఉంది. 311 నుంచి 407 దాకా కార్డులు ఆటల రుతువు ముగిసే వేళకు బయటికొచ్చాయి. అప్పటికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. సరుకు గోడౌన్‌లో ఏళ్లకేళ్లు పడి ఉంది. చివరికి 1960లో మిగిలిన పెట్టెల్ని పడవ మీదికెక్కించి అట్లాంటిక్ సముద్రంలో కుమ్మరించానని బెర్గరే చెప్పుకున్నాడు. మునిగినవాటితో పాటు ధర పైకి తేలింది. 2022 ఆగస్టులో ఒక మాంటిల్ కార్డు 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అందుచేత పద్యంలో 'కోటి' అతిశయోక్తి కాదు, కవి కాస్త తగ్గించే చెప్పాడు. ఇందులో తర్కం వెతకవద్దు: ఇది మాంటిల్ మొదటి కార్డు కాదు, అది అంతకు ముందటి ఏడు బౌమన్ కంపెనీ వేసింది. పైగా ఆ చివరి వరసలో 311, 312, 313 నంబర్లు తక్కినవాటికి రెట్టింపు అచ్చయ్యాయి.

కార్డు వెనక మాంటిల్ నిరుటి లెక్క ఉంది: 96 ఆటలు, 13 హోమ్ రన్లు, సగటు .267. అక్కడ కనిపించనిది మోకాలు. 1951 వరల్డ్ సిరీస్ రెండో ఆటలో విల్లీ మేస్ కొట్టిన బంతి కోసం పరుగెత్తాడు. జో డిమాజియో అందుకోబోతున్నాడని ఆగబోతే కాలు మురుగునీటి మూతలో చిక్కి మెలిపడింది. ఆ కాలితోనే 1968 దాకా ఆడి 536 హోమ్ రన్లు కొట్టాడు.

ఇక్కడ వదిలిపెట్టలేనివాడు 313వ వాడు. పేరు బాబీ థామ్సన్, న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు. 1951 అక్టోబరు 3న పోలో గ్రౌండ్స్‌లో ఎదుటి జట్టు డాడ్జర్స్ 4–2తో ముందున్నారు. చివరి ఇన్నింగ్స్. రాల్ఫ్ బ్రాంకా వేసిన బంతిని థామ్సన్ ఎడమవైపు గ్యాలరీలోకి కొట్టాడు. 5–4. అయిపోయింది. ఆ క్షణాన ఎడమవైపు గోడకు ఆనుకుని, తల పైకెత్తి, చేయగలిగిందేమీ లేక నిలబడినవాడు, అప్పటికి డాడ్జర్స్‌లో ఉన్న మన ఒకటో నంబరు పాఫ్కో. రచయిత డాన్ డెలిల్లో 1992లో తన పెద్దకథకు గోడ దగ్గరి పాఫ్కో పేరే పెట్టాడు. కార్డు వెనక మాత్రం ఆ గోడ ఊసు లేదు. అంత జాగా కూడా లేదు లెండి.

'తోడయ్యె' అన్న క్రియకు దుఃఖం ఒక్కటే అధికరణం అనుకోవడం పొరపాటు. 1953లో డాడ్జర్స్ పాఫ్కోను బ్రేవ్స్‌కు ఇచ్చేశారు. ఆ జట్టు అదే ఏడు బోస్టన్ వదిలి మిల్వాకీ చేరింది. అంటే అతని సొంత రాష్ట్రం విస్కాన్సిన్‌కే. అక్కడ మూడో బేస్ దగ్గర నిలబడి ఉన్నవాడు 407, మాథ్యూస్. 1954లో అదే జట్టుకు 313 కూడా వచ్చాడు. గోడ దగ్గర నిలబెట్టినవాడూ నిలబడినవాడూ ఒకే డ్రెస్సింగ్ రూములో బట్టలు మార్చుకున్నారు. థామ్సన్ వస్తూనే చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఖాళీ అయిన చోటు హ్యాంక్ ఆరన్ అనే కుర్రాడికి దక్కింది. ఆ కుర్రాడు తరవాత 755 హోమ్ రన్లు కొట్టాడు.

1957 వరల్డ్ సిరీస్‌లో మిల్వాకీ ఒకవైపు, మాంటిల్ ఉన్న యాంకీస్ మరొకవైపు. ఏడో ఆటలో ఆఖరి బంతి మాథ్యూస్ చేతికే వచ్చింది. అందుకుని మూడో బేస్ తొక్కాడు, మిల్వాకీ గెలిచింది. కట్ట అంచుల్లో అరిగినవాళ్లు ఇద్దరూ గెలిచిన పక్షం. లోపల భద్రంగా ఉన్నవాడు ఓడిన పక్షం. పద్యంలో దీనికి చోటు చాలలేదు, ఆటవెలదికి నాలుగే పాదాలు.

ఇది రబ్బరు బ్యాండు ఖండమున ప్రథమాట్ట వ్యాఖ్యానము. గమ్ము మరక ప్రకరణము వేరుగా వ్రాయబడును.