పన్నా 47

సూరత్‌లో గోడకు ఏ బొమ్మ తగిలించినా, చూసేవాళ్లు ముందు చేత్తో తడుముతారు. కళ్లకు పని ఆ తర్వాతే. అలాంటి ఊళ్లో, అందులోనూ మన నేత కుటుంబాలు నిండిన లింబాయత్‌లో, పాత ఫ్రెంచి సినిమా పోస్టర్లతో హాలు అలంకరించాలని నాకు బుద్ధి పుట్టింది.

అసలు పోస్టర్లు కావు, నకళ్లే. అసలువి కొనాలంటే ముందు మగ్గాలు అమ్ముకోవాలి. వాటి ధర వింటే బాపుకు నమ్మకం కుదరలేదు. "పాతయి అంటివి. పాత మాలు సగం రేటుకు రావాలె గద?" నిరుడు మిగిలిన డిజైన్లను వచ్చినకాడికి వదిలించుకునే రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల లెక్కలు తెలిసిన మనిషికి, పాత కాగితం ఏటికేడు ప్రియమవుతుందని ఎట్లా చెప్పేది?

ఫ్రెంచివాళ్ల పెద్ద పోస్టరుకు కొలత ఖాయం: వెడల్పు 120 సెంటీమీటర్లు, పొడవు 160. బాపు ఇంచుల టేపు తీశాడు. "పన్నా 47. రెండు జాకెట్లకు సరిపోతది" అని తేల్చాడు. కళావిమర్శ అంతటితో ముగిసింది.

పాత పోస్టర్లు చిరిగిపోకుండా సేకర్తలు వాటిని పిండి జిగురుతో గుడ్డ మీద అతికించి దాచుకుంటారు. మన ఊళ్లలో గోడలకు పూసే మైదాకు అది దగ్గరి చుట్టమే. కాకపోతే అక్కడి పోస్టర్లకు ఆవుల బెడద లేదు. ఈ సంగతి చెబితే పాండేసరాలో ప్రింటింగు పనిచేసే మా బామ్మర్ది నవ్వాడు. "ఆఖరికి గుడ్డ మీదికే వస్తదంటే నడుమ కాగితమెందుకు బావా?" నేరుగా పాలిస్టరు మీదే వేసి తెచ్చాడు. మాసితే ఉతుక్కోవచ్చట.

మొదటిది 1896 నాటిది, మార్సెలాన్ ఓజోల్ గీసిన లూమియేర్ అన్నదమ్ముల పోస్టరు. తెర మీద తోటమాలి ముఖాన పైపు నీళ్లు చిమ్ముతుంటాయి, చూసే జనం పగలబడి నవ్వుతుంటారు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "నీళ్లు గట్ల పారబోస్తుంటే ఆపేటోడు ఒక్కడు లేడుగాని, నవ్వేటోళ్లు ఎందరున్నరో సూడు!" నల్లా వచ్చే వేళకు బిందెలు వరుసపెట్టే మనిషికి అది హాస్యచిత్రమెట్లా అవుతుంది?

రెండోది జాక్ తాతి తీసిన 'మోన్ ఓంకల్', 1958 నాటిది. బొమ్మ పియేర్ ఎతే గీసింది. అందులోని టోపీవాలాను పక్కింటి గుజరాతీ పెద్దాయన చాలాసేపు చూసి, "రెయిన్‌కోట్ల ధంధా పెట్టారా భాయ్?" అన్నాడు.

ఆ టోపీవాలా మార్కండేయ మహాముని పటానికి సరిగ్గా ఎదురుగా ఉండడం బాపుకు నచ్చలేదు. ఫ్రాన్సులో గోడల మీద "పోస్టర్లు అంటించరాదు, 1881 జూలై 29 చట్టం" అని రాసి ఉంటుంది. మా ఇంట్లో అంత రాత అక్కర్లేదు, బాపు దగ్గితే చాలు. దగ్గాడు.

"బాపూ, ఫ్రెంచోళ్లు సూరత్‌కు కొత్తోళ్లు కాదు. ఈ దేశంల వాళ్ల మొదటి కోఠీ 1668ల ఈడనే పెట్టిన్రు."

"కిరాయి మంచిగ కట్టిన్రా?"

"ఈ లూమియేరోళ్లది లియోన్. పట్టుబట్టల ఊరు. మగ్గం మీది జకార్డు కనిపెట్టిన జకార్‌ది గూడ గదే ఊరు."

బాపు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. నేను ఊపందుకున్నాను. కుట్టుమిషను గుడ్డను ఆపి ఆపి ముందుకు జరిపే తీరు చూసే లూయీ లూమియేర్‌కు ఫిల్ము జరిపే ఉపాయం తట్టిందని చెప్పాను.

తీర్పు తిరగబడింది. ఇప్పుడు సిరిసిల్ల నుంచి చుట్టాలొస్తే బాపే ముందుండి పోస్టర్లు చూపిస్తున్నాడు. "సినిమా అంటే ఏందనుకున్నరు? మన మగ్గం, మన మిషను. వాళ్లు గూడ మనోళ్లే!"

మొన్న పెద్దమ్మ అంతా శ్రద్ధగా విని, నన్ను పక్కకు పిలిచింది. "గట్లయితే బిడ్డా, గా లియోన్‌ల మన సంఘపోళ్లవి ఎన్ని ఇండ్లుంటయి? మా మనవరాలికి సంబంధం సూస్తున్నం."