బావగారి సెల్ఫ్ మోటార్

మా అక్క మొగుడు రాజమండ్రిలో ఉంటారు. మెకానిక్ కాదు, అలాగని ఏ మెకానిక్‌నీ నమ్మే రకమూ కాదు. ఇలాంటి బావగారు మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. మా బావగారిది 2003 మోడల్ మారుతి 800. 2014 జనవరిలో ఆ కారు తయారీ ఆపేశారన్న వార్త చదివి ఆ పూట కాఫీ ముట్టలేదని అక్క ఇప్పటికీ చెబుతుంది.

ఆ కారుకో జబ్బుంది. ఉన్నట్టుండి సెల్ఫ్ ఎత్తదు. కల్యాణ మండపం గేటులో ఎత్తదు, రైలు వెళ్లిపోయి గేటు తెరిచాక వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే అసలే ఎత్తదు. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా బుద్ధిగా మొదటి తిప్పుకే లేస్తుంది. మెకానిక్ మన వంక అదోలా చూస్తాడు.

కారు మొరాయించగానే బావగారి మొహం వెలిగిపోతుంది. కళ్లు మూసుకుని తాళం తిప్పుతారు. ‘విన్నావుట్రా? ఒక్క టిక్కేనా, టకటకలా?’ అంటారు. టకటకా కొట్టుకుంటే బ్యాటరీ నీరసం, లేదా టెర్మినల్ పట్టు వదిలింది. ఒక్క టిక్కుతో ఆగితే సొలినాయిడ్ కాంటాక్టులు గానీ, కార్బన్ బ్రష్‌లు గానీ అరిగాయి. చప్పుడే లేకపోతే తాళం స్విచ్చో, సొలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరో. లెక్కంతా సరైనదే, కాదనను. పక్కన ముహూర్తం దాటిపోతుంటే చెబుతారు, అదీ నా బాధ.

తరవాత అక్కని కారు ముందు నిలబెడతారు. ‘హెడ్‌లైటు చూడు, తాళం తిప్పుతున్నాను. డిమ్మయిందా?’

‘మీ మొహంలాగే వెలిగిపోతోందండీ.’

‘అయితే బ్యాటరీ కాదు!’ అని బల్ల గుద్దినట్టు చెప్పి మల్టీమీటర్ తీస్తారు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులుండాలి, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కిందకి దిగకూడదు. ఈ రెండంకెలూ మా ఇళ్లలో పిల్లలకి ఎక్కాలకన్నా ముందొచ్చాయి. ఎండాకాలమైతే ఉపన్యాసం ఇంకా సాగుతుంది. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ దాని నిరోధం 0.4 శాతం పెరుగుతుంది గనక, ఇంజన్ చల్లారేదాకా చెట్టుకింద ఆగుదామంటారు. మే నెల్లో, కొవ్వూరు రోడ్డు మీద, చెట్టెక్కడుంది?

చివరికి తోపుడే గతి. స్టీరింగ్ ఎప్పుడూ ఆయనదే. తాళం ఆన్‌లో ఉంచి, సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుని, అద్దంలోంచి ‘ఏం బావా, అన్నం తినలేదా?’ అని అరుస్తారు. తీరా లేచాక ఆపరు. ఆపితే మళ్లీ లేవదట. పట్టుపంచెలు ఎగ్గట్టుకుని రెండు వీధులు ఆ కారు వెనక పరిగెత్తిన బావమరుదులం మేము.

అలాగని తీసిపారేయలేం. ఓ అర్ధరాత్రి మా పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చి, నా కొత్త కారు మొరాయిస్తే, ఫోన్లో చప్పుడు విని ‘నెగటివ్ టెర్మినల్ తిప్పి చూడు, కదుల్తుంది’ అన్నారు. కదిలింది. బిగించగానే బండి లేచింది. ఆ సంగతి ఇంతవరకూ నాలుగు శుభకార్యాల్లో చెప్పారు, ప్రతిసారీ నన్ను పక్కన నిలబెట్టుకునే.

మొన్న వాళ్ల వీధి చివర ఎలక్ట్రీషియన్ కుర్రాడు కారు కింద దూరి, సొలినాయిడ్ మీది సన్న వైరు క్లిప్పు వదులైందని కటింగ్ ప్లయర్‌తో ఒక్క నొక్కు నొక్కాడు. టీ డబ్బులు చాలన్నాడు. అప్పట్నుంచి కారు తిప్పితే లేస్తోంది. ‘అది లక్షణంరా, కారణం కాదు’ అని బావగారు ముభావంగా తిరుగుతున్నారు. పొద్దున్నా సాయంత్రం తాళం తిప్పి చూసి, లేవగానే విసుక్కుంటూ ఆపేస్తున్నారట.

నిన్న అక్క ఫోన్ చేసింది. ‘ఒరేయ్, మీ ఫ్రిజ్ ఏదో చప్పుడు చేస్తోందని ఆయనతో అన్నావా? మీటరు సంచిలో పెట్టుకుని బస్సెక్కారు. వచ్చేలోగా లోపలున్న పాలూ పెరుగూ పక్కింట్లో పెట్టేసుకో!’