నిత్య సారె

పక్కపక్క నగరాలు చేయి చేయి కలిపి పర్యావరణాన్ని ఎలా కాపాడుకుంటాయో చూడటానికి మన అధికారులు విదేశాలకు వెళ్తుంటారు. ఎందుకంత శ్రమ? హైదరాబాదుకూ జవహర్‌నగర్‌కూ ఉన్న వియ్యం చాలదా? ఎవరైనా పిల్లను పంపేటప్పుడు ఒక్కసారి సారె పెట్టి చేతులు దులుపుకుంటారు. మన మహానగరం రెండు దశాబ్దాలుగా రోజూ పెడుతూనే ఉంది. తట్టలతో కాదు, టిప్పర్లతో. రోజుకు సుమారు 7,000 టన్నుల చెత్త. బిర్యానీ ఎముకలు, పగిలిన ట్యూబులైట్లు, పిల్లల డైపర్లు, వినాయకుడి పత్రి, దేన్నీ దాచుకునే లోభం లేదు. తడి చెత్త, పొడి చెత్త అని లెక్కలు చూసుకునేవాళ్లు అల్పులు. ఉదారులు అన్నీ కలిపే ఇస్తారు.

పుచ్చుకున్నవాళ్ల మర్యాద ఇంకా గొప్పది. 300 ఎకరాలకు పైగా స్థలం ఇచ్చారు. కొండలు లేవన్న లోటు తీరింది. కొండ అడుగు నుంచి కారే నల్లటి పాకాన్ని ఇంజనీర్లు లీచేట్ అంటారు. అది మల్కారం చెరువుకు చేరింది, చుట్టుపక్కల బోర్లకూ వాటా అందింది. నీళ్లకు రంగు వేరే కొనక్కర్లేదు. గాలిది మరీ సమదృష్టి. దమ్మాయిగూడ, నాగారం కాలనీల్లో ఏ ఇంటినీ మరిచిపోదు. వాన పడ్డ సాయంత్రం తలుపులు బిగించుకుని అన్నానికి కూర్చున్నా, విస్తరి దాకా వచ్చి పలకరిస్తుంది.

ఏలినవారు ఏమీ చేయలేదనుకునేరు, మహాపాపం. పాత గుట్టకు మట్టీ షీటూ కప్పి, పైన గడ్డి పెంచారు. సమస్యకు పచ్చ శాలువా కప్పి సన్మానించడం తెలుగువాళ్లకు కాక ఇంకెవరికి చేతనవుతుంది? 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు కూడా వచ్చింది, 19.8 మెగావాట్లది. ఆ దీపాల వెలుగులో గుట్ట రాత్రిళ్లు కూడా బాగా కనబడుతుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో హైదరాబాదుకు 9వ ర్యాంకు దక్కింది. పంపకాల్లో తగవే లేదు: ర్యాంకు అటు, వాసన ఇటు.

ఒక్కటే చిన్న భయం ఉండేది. 2019లో జవహర్‌నగర్ కూడా కార్పొరేషన్ అయింది. తనకంటూ ఒక మేయరు, తీర్మానాలు చేసుకోవడానికి ఒక హాలు. వియ్యాలవారితో సమానంగా కుర్చీ వేసుకుని, ఇంత సారె మాకెందుకండీ అని అడిగితే? ఆ బెంగా తీరిపోయింది. 2025 డిసెంబరులో జవహర్‌నగర్‌నీ, దమ్మాయిగూడనీ, నాగారాన్నీ, మరో 24 పట్టణాలతో పాటు హైదరాబాదు కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. దాంతో పొరుగూ పోయింది, పొరుగు పోరూ పోయింది. చెత్త వాసన భరించలేకపోతున్నామని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, ఆ చెత్త పంపిన ఆఫీసే దాన్ని ఆప్యాయంగా అందుకుని, ముద్ర వేసి రసీదు ఇచ్చే ఏర్పాటు కుదిరింది.