చేదు మాత్రం ఉచితం

గృహప్రవేశానికి రమ్మని కార్డు పంపి, తీరా వెళ్తే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని టికెట్లు చింపే ఆసామిని మనవైపు ఇంకా ఎవరూ చూసి ఉండరు. జపాన్‌లో, క్యోటో నగరంలో ఉన్నాడు. 2025 జూన్ 5న నింటెండో వారు స్విచ్ 2 అనే కొత్త గేమింగ్ యంత్రాన్ని 449.99 డాలర్లకి అమ్మకానికి పెట్టారు. దాంతోపాటే ‘వెల్‌కమ్ టూర్’ అని ఇంకో సరుకు విడిగా పెట్టారు. మీరు కొన్న యంత్రానికి ఏ బటన్ ఎక్కడుందో, తెర పనితనమేంటో, లోపల ఏమేం కుక్కారో తిప్పి చూపించే కార్యక్రమమిది. స్వాగతం వెల 9.99 డాలర్లు.

ఇందులో మనం చీమంత మనిషిగా మారి, మైదానమంత స్విచ్ 2 మీద నడుస్తాం. ప్రతి బటన్ దగ్గరా ఒక స్టాంపు వేసుకుంటాం. ఎవరో పారేసుకున్న వస్తువు దొరికితే మోసుకెళ్ళి సమాచార కేంద్రంలో అప్పజెబుతాం. రెండు దొరికాయి కదా అని రెండూ పట్టుకెళ్ళడానికి లేదు, ఒక్కో విడతకి ఒక్కటే. మధ్యలో యంత్రం గొప్పదనం మీద చిన్న పాఠం, ఆ పాఠం మీద క్విజ్. సరే, డబ్బు పెట్టాం కదా, అన్నీ పూర్తి చేద్దామనుకుంటే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఇంట్లో 4కె టీవీ ఉండాలి. విడిగా అమ్మే కెమెరా ఉండాలి. విడిగా అమ్మే ప్రో కంట్రోలరో, విడిగా అమ్మే చార్జింగ్ గ్రిప్పో ఉండాలి. పెట్టెలో ఒక గ్రిప్ ఇచ్చారు గానీ అది చార్జింగ్ చేయదు, పట్టుకోవడానికే. మొత్తానికి మీరు పది డాలర్లిచ్చి కొన్నది ఒక వ్యాపార ప్రకటన. ఆ ప్రకటన చివరిదాకా చూడాలంటే అందులో ప్రకటించిన సరుకంతా కొనాలి. లోకంలో ఇంతమంది వ్యాపారులున్నారు, ఇంత పకడ్బందీ ఏర్పాటు ఇంకెవరికీ తట్టలేదు.

ఈ కంపెనీని తిట్టేముందు దాని పెద్దల్ని ఒకసారి తలుచుకోవడం మర్యాద. 1889లో హనాఫుదా పేకముక్కలు చేసి అమ్ముతూ మొదలైన సంస్థ ఇది. 1965లో యంత్రాల మరమ్మతు పనికి అందులో చేరిన గున్‌పే యొకోయ్ అనే ఇంజనీరు, తర్వాతి కాలంలో ఆ కంపెనీకి ఒక సూత్రం ఇచ్చి వెళ్ళాడు. కొత్తగా వచ్చిన ఖరీదైన సాంకేతికత వెంట పరిగెత్తొద్దు, బాగా నలిగి చవకబడ్డ పాత సరుకు తీసుకుని దాన్ని ఎవరూ ఊహించని పనికి వాడు అని. ఆ లెక్కన 1989లో గేమ్‌బాయ్ వచ్చింది. రంగుల్లేని తెర, వెనక లైటు కూడా లేదు. అదే ఏడాది అటారీ వారి లింక్స్ రంగుల తెరతో దాదాపు 180 డాలర్లకి వచ్చింది. తర్వాత సెగా వారి గేమ్‌గేర్ కూడా రంగులతోనే దిగింది. ఆరు బ్యాటరీలు వేస్తే నాలుగైదు గంటల్లో నమిలి పారేసేది. గేమ్‌బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి ఆడింది. అమెరికాలో దాని ధర 89.95 డాలర్లు, అందులోనే టెట్రిస్ ఆట కూడా కలిపి. రంగుల యంత్రాలు రెండూ చరిత్రలో కలిసిపోయాయి.

పాత సరుకు, కొత్త ఆలోచన, తక్కువ ధర. యొకోయ్ సూత్రంలో ఉన్నది ఈ మూడు ముక్కలే. ఇప్పటి వారసులు మొదటి ముక్కని మాత్రం ప్రాణప్రదంగా కాపాడుకొస్తున్నారు.

స్విచ్ 2 గుండెకాయ ఎన్‌విడియా వారి చిప్పు. దాని వంశం ఆంపియర్, అంటే 2020లో గ్రాఫిక్స్ కార్డుల్లోకి వచ్చిన తరం. 2021లో ఇదే కంపెనీ పాత స్విచ్‌కి ఓఎల్ఈడీ తెర పెట్టి 349.99 డాలర్లకి అమ్మింది. నాలుగేళ్ళ తర్వాత వంద డాలర్లు ఎక్కువ తీసుకుని మళ్ళీ ఎల్‌సీడీ తెర దగ్గరికి తీసుకొచ్చింది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందయ్యా అంటే, కంపెనీ లెక్క ప్రకారమే 2 గంటల నుంచి ఆరున్నర గంటల దాకా. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట దాటేలోపు మారియో కన్నుమూసే అవకాశం ఉంది. అబద్ధమెందుకు, మంచి కూడా ఉంది. 12 జీబీ మెమరీ, 256 జీబీ నిల్వ, 7.9 అంగుళాల తెర, తక్కువ స్పష్టత బొమ్మని తెలివిగా పెద్దది చేసి చూపే విద్య, ఇవన్నీ పాత స్విచ్‌తో పోలిస్తే నిజంగా పెద్ద మెట్లే. గొడవ యంత్రంతో కాదు. యంత్రం కొన్నాక మొదలయ్యే బిల్లుతో.

ఆట లేకుండా యంత్రమెందుకని ‘మారియో కార్ట్ వరల్డ్’ విడిగా తీసుకుంటే 79.99. నిల్వ సరిపోక మైక్రో ఎస్డీ కార్డు పెడదామంటే, సొరుగులో పడున్న పాత కార్డు పనికిరాదు, ఫొటోలు కాపీ చేసుకోవడానికి తప్ప. ‘ఎక్స్‌ప్రెస్’ అని కొత్త రకం కొనాలి, 256 జీబీది యంత్రం విడుదలప్పుడు 60 డాలర్లు. కంట్రోలర్ మీద స్నేహితులతో మాట్లాడుకోవడానికని కొత్తగా ఒక బటన్ పెట్టారు. అది 2026 మార్చి 31 దాకా ఉచితం అన్నారు, ఆ తర్వాత చందా కడితేనే పలుకుతుంది. డబ్బు పోసి కొన్న వస్తువు మీద మన బొటనవేలి కిందే ఒక అద్దె బటన్! ఇక 2017లో 59.99కి వచ్చిన జెల్డా ఆట, కొత్త యంత్రానికి సర్దిన రూపంలో 69.99. దాని అదనపు భాగాలకి మళ్ళీ వేరే డబ్బు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ‘గేమ్-కీ కార్డ్’. చూడ్డానికి మామూలు గేమ్ కార్డులాగే ఉంటుంది, డబ్బాలో పెట్టే అమ్ముతారు, ధర కూడా ఆట ధరే. లోపల ఆట ఉండదు. తాళంచెవి ఉంటుంది. యంత్రంలో పెడితే, ‘సరే, నువ్వు కొన్నావని ఒప్పుకుంటున్నాను, పోయి ఇంటర్నెట్‌లో దించుకో’ అంటుంది. దించుకున్నాక కూడా ఆడిన ప్రతిసారీ కార్డు పెట్టాల్సిందే. ‘స్ట్రీట్ ఫైటర్ 6’ లాంటి పెద్ద ఆట ఇలాగే వచ్చింది. ‘సైబర్‌పంక్ 2077’ చేసినవాళ్ళు మాత్రం అంత పెద్ద ఆటనీ నిజం కార్డులోనే పట్టించి చూపించారు, కనక కుదరదనే మాటకి తావు లేదు. నింటెండో కార్డులకి ఒక చేదు పూత ఉంటుంది, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుని మింగకుండా. కార్డులోంచి ఆటని తీసేశారు గానీ ఆ చేదుని తీసేయలేదు. దానికి చందా కూడా లేదు.

ఇక్కడికొచ్చేసరికి కంపెనీ తరఫు వకీళ్ళు లేస్తారు. జీతం తీసుకోకుండా వాదించే వకీళ్ళు ఈ ఒక్క వ్యాపారంలోనే దొరుకుతారు. వాళ్ళ మొదటి మాట ద్రవ్యోల్బణం. బాగుంది, లెక్క వేద్దాం. 1989 నాటి 89.95 డాలర్లని 2025 డాలర్లలోకి మారిస్తే 230 చుట్టూ తేలుతుంది. టెట్రిస్ కలిపి. 2017లో మొదటి స్విచ్ 299.99, ఇప్పటి లెక్కలో 390 చుట్టూ. మిగతా 60 ఏ ఉల్బణమో వకీళ్ళే చెప్పాలి. రెండో మాట ట్రంప్ సుంకాలు. సుంకాలు నిజమే. 2025 ఏప్రిల్‌లో వాటి దెబ్బకే అమెరికాలో ముందస్తు బుకింగులు ఆగి, ఏప్రిల్ 24కి జరిగాయి. కానీ 449.99 అనే ధర ప్రకటించింది సుంకాల ప్రకటన రోజునే, అదీ కొన్ని గంటల ముందు. సుంకాలొచ్చాక పెరిగినవి కంట్రోలర్లూ కెమెరాలూ. మూడో మాట మెమరీ చిప్పుల కరువు. అదీ నిజమే, ఏఐ డేటా సెంటర్లు దొరికిన చిప్పునల్లా మింగేస్తున్నాయి. అయితే ఆ కరువు ముదిరింది యంత్రం విడుదలైన తర్వాత. కరువొస్తుందని ముందే కనిపెట్టి ధర వేశారంటే, వాళ్ళు ఆటలు మానేసి పంచాంగం రాయడం మేలు.

అంత పెట్టలేనివాళ్ళ సంగతేంటని అడిగితే, అప్పటి నింటెండో అమెరికా అధ్యక్షుడు డగ్ బౌజర్ (అవును, మారియో ఆటల్లో విలన్ పేరే, మనం పెట్టింది కాదు) పాత స్విచ్‌లు ఇంకా ఉన్నాయి కదా అని దారి చూపించాడు. ఆ దారిలో పోదామని జనం బయల్దేరేలోపు, ఆగస్టులో, అమెరికాలో ఆ పాత స్విచ్‌ల ధరలు కూడా పెంచారు. 2021 నాటి ఓఎల్ఈడీ స్విచ్ 349.99 నుంచి 399.99కి ఎక్కింది. వయసు పైబడేకొద్దీ ధర పెరిగే ఆస్తులు మన పెద్దలకి తెలిసినవి రెండే, భూమి, బంగారం. మూడోది వాళ్ళు చూడకుండానే పోయారు.

ఇదే కంపెనీ 2011లో త్రీడీఎస్ అనే యంత్రాన్ని 249.99కి దించింది. అమ్ముడుపోలేదు. ఆర్నెల్లు తిరక్కుండా 169.99కి తగ్గించింది. ముందే కొని మోసపోయామనుకున్నవాళ్ళకి 20 పాత ఆటలు ఉచితంగా ఇచ్చింది. అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతంలో సగం కోసుకున్నాడు. ఆ రోజుల్లో వకీళ్ళు లేరు, కొనేవాళ్ళు కొనడం మానేశారంతే. స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు అమ్ముడయ్యాయి. జీతం కోసుకునే అవసరం ఎవరికీ రాలేదు.

సొంత ఊళ్ళో మాత్రం కాస్త దయ చూపించారు. జపాన్‌లో జపనీస్ భాష మాత్రమే వచ్చే స్విచ్ 2 విడుదల నాటి ధర 49,980 యెన్లు. అన్ని భాషలూ వచ్చేది 69,980. ఒకటే ఇనుము, ఒకటే గాజు, నోరు విప్పడానికి 20,000 తేడా. యెన్ పడిపోయింది, బయటివాళ్ళు ఎగబడి పట్టుకుపోకుండా ఈ ఏర్పాటు అంటారు, న్యాయమే. కానీ దీనివల్ల ఒక నిజం బయటపడింది. యంత్రం ఖరీదు యంత్రాన్ని బట్టి లేదు, కొనేవాడి జేబుని బట్టి ఉంది. తెలుగు ఈ రెండు ధరల్లోనూ లేదనుకోండి, కనక మనకి ఆ బాధ లేదు.

నింటెండో ఒక్కదాన్నే అనడం పక్షపాతం. అవతలి వీధిలో విండోస్ యంత్రాలున్నాయి. 2025 అక్టోబర్‌లో ఆసుస్, మైక్రోసాఫ్ట్ కలిసి దించిన ‘రాగ్ ఎక్స్‌బాక్స్ అలై’ 599.99 డాలర్లు, పెద్దన్న ‘అలై ఎక్స్’ 999.99. పెద్దన్న అప్పట్లో మన దేశంలో ₹1,14,990. పేరులో ఎక్స్‌బాక్స్ ఉంది కదా అని మీ పాత ఎక్స్‌బాక్స్ ఆటలన్నీ నేరుగా అందులో నడుస్తాయనుకోకండి, అది పీసీ ఆటల యంత్రం. చాలా కన్సోల్ ఆటల్ని క్లౌడ్‌లోంచో, ఇంట్లో ఉన్న అసలు ఎక్స్‌బాక్స్‌లోంచో స్ట్రీమ్ చేసుకోవాలి. తెర 2023 నాటి అలైలో ఉన్న 7 అంగుళాలదే. చిన్నదాంట్లో ఉన్న చిప్పు పేరు ‘జెడ్2 ఏ’, కొత్తగా వినపడుతుంది. విప్పి చూస్తే జెన్ 2, ఆర్‌డీఎన్‌ఏ 2, అంటే 2022లో 399 డాలర్లకి వచ్చిన స్టీమ్ డెక్‌లోని చిప్పు తరమే. తిరునాళ్ళలో కొనుక్కున్న బ్రిక్ గేమ్ డబ్బా మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. అదీ అబద్ధమే గానీ చవకైన అబద్ధం. పెద్దన్న చిప్పు పేరులో ఏకంగా ఏఐ ఉంది. ఆ ఏఐ ఆటలో ఏం చేస్తుందంటే, ముందుముందు చేస్తుందన్నారు.

ఇవి ఆన్ చేసినప్పుడు చూడాలి. ఆట ఆడదామని బటన్ నొక్కితే ముందు విండోస్ అప్‌డేట్, తర్వాత ఆటల దుకాణం అప్‌డేట్, ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్. ఈ మూడూ గట్టెక్కాక, తెర మూలన ఆవగింజంత ఇంటూ గుర్తుతో ఒక కిటికీ. దాన్ని బొటనవేలితో మూయబోతే పక్కనున్నది తెరుచుకుంటుంది. లెనోవో వారి లీజియన్ గో 2 అయితే 920 గ్రాములు, ధర వెయ్యి డాలర్ల పైనే. వ్యాయామం ఉచితం.

సోనీ వారి ప్లేస్టేషన్ పోర్టల్ గురించి రెండు ముక్కలు చాలు. విడుదల నాటి ధర 199.99 డాలర్లు, సొంతంగా ఆట నడిపే శక్తి లేదు, ఇంట్లో పీఎస్5 ఉంటే దాని బొమ్మ చూపిస్తుంది. తర్వాత క్లౌడ్ ఆటలు కూడా కలిపారు, పై తరగతి చందా కట్టినవాళ్ళకి. బ్లూటూత్ లేదు. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు కావాలంటే సోనీవే కొనాలి, పల్స్ ఎక్స్‌ప్లోర్, విడుదలప్పుడు అవీ 199.99. చెవుల ఖరీదూ కళ్ళ ఖరీదూ ఒకటే.

చవగ్గా ఇవ్వడం కుదరని పనా అంటే, స్టీమ్ డెక్ 399కే వచ్చింది. దాన్ని చేసిన వాల్వ్ కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ ఆ ధర వేయడం బాధాకరమేనని ఒప్పుకున్నాడు గానీ వేశాడు. ఆయనేం దానకర్ణుడు కాదు. ఆటల దుకాణం ఆయనదే, యంత్రం మీద పోయింది ఆటల మీద రాబట్టుకుంటాడు. నింటెండోకీ దుకాణం ఉంది. ఆటల మీదా, యంత్రం మీదా, తాళంచెవి మీదా, స్వాగతం మీదా నాలుగు చోట్లా రాబట్టుకుంటోంది. డెక్‌కి విడిభాగాలు మరమ్మతు సామాను అమ్మే ఐఫిక్సిట్‌లో దొరుకుతాయి. అదే ఐఫిక్సిట్ వాళ్ళు స్విచ్ 2ని విప్పి చూసి, బ్యాటరీని జిగురుతో అతికించిన తీరుకి దండం పెట్టి, మరమ్మతు సౌలభ్యానికి పదికి 3 మార్కులేశారు.

మన దగ్గర నింటెండో అధికారికంగా అమ్మదు. దాని ఆన్‌లైన్ దుకాణంలో ఇండియా అనే దేశమే లేదు. అందుకని మనవాడు ఖాతాలో అమెరికావాడైపోతాడు. వీసా ఇంటర్వ్యూ లేకుండా అమెరికా మనల్ని రానిచ్చే ద్వారం అదొక్కటే. యంత్రం మాత్రం డాలస్ బావ సూట్‌కేసులో రావాలి. వచ్చేటప్పుడు స్విచ్, వెళ్ళేటప్పుడు ఆవకాయ, పాత ఒప్పందం. 449.99 డాలర్లంటే అప్పటి రేటులో ₹38,000 పైమాట, అక్కడి అమ్మకం పన్ను అదనం, ఇక్కడ వారంటీ సున్నా.

అంతా బాగానే ఉంటుంది, కంట్రోలర్ పుల్ల అరిగేదాకా. మొదటి స్విచ్‌లో ముట్టుకోకపోయినా బొమ్మ తనంతట తానే నడిచిపోయే జబ్బు ఎంత ముదిరిందంటే, 2020లో అధ్యక్షుడు ఫురుకావా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఈసారైనా రాపిడి లేని హాల్ ఎఫెక్ట్ పుల్లలు పెడతారనుకున్నారు జనం. పెట్టలేదని నింటెండోవారే చెప్పారు. కనక ఎప్పుడో ఒకరోజు మారియో ఎవరూ చెప్పకుండానే ఎడమవైపు నడక మొదలుపెడితే, అబిడ్స్‌లో రిపేరు కుర్రాడు అటూఇటూ తిప్పి చూసి, ‘అన్నా, దీనికి పార్ట్ దొరకదన్నా, కొత్త జత తెప్పించుకో’ అంటాడు. జత 94.99 డాలర్లు, విడుదల నాటి ధర. బావకి మళ్ళీ ఫోన్ చేయాలి. ఈసారి ఆవకాయతో సరిపెట్టుకోడు, గోంగూర కూడా అడుగుతాడు.