డిక్కీ తెరుచుకోలేదు

కారు డిక్కీ తెరుచుకోవడం లేదంటే మా విజయవాడ ఆటోనగర్‌లో చాలామంది వెంటనే మోటారు మార్చాలంటారు. లాకూ మోటారూ కలిపి ఒకే ముక్కగా వస్తాయి, బిల్లు వేలల్లో తేలుతుంది. ఆ పద్ధతి నాకు నచ్చదు. ముందు చెవి పెట్టి వినాలి. బటన్ నొక్కగానే లోపల ‘టిక్’ మంటే కరెంటు అందుతున్నట్టే. లాకు బిగుసుకుపోయి ఉంటుంది, దుమ్ము తుడిచి గ్రీజు రాస్తే చాలాసార్లు సరిపోతుంది. చప్పుడే లేకపోతే ఫ్యూజు, స్విచ్చి, వైరు వరసగా చూసుకుంటూ పోవాలి. నంబరు ప్లేటు పైనుండే బటన్‌లోకి వాన నీళ్లు దిగి చిలుం పడుతుంది. ఎక్కువగా తెగేది మాత్రం మూత కీలు దగ్గర. అక్కడ వైర్లన్నీ ఓ రబ్బరు గొట్టంలోంచి మూతలోకి వెళ్తాయి. మూత ఎత్తి దించిన ప్రతిసారీ అక్కడే వంగుతాయి. ఏళ్లు గడిచేసరికి పైతొడుగు పగిలి, లోపలి రాగిపోగులు నల్లబడి ఒక్కొక్కటే తెగిపోతాయి.

మొగల్రాజపురం నుంచి ఫోన్ చేసిన పెద్దావిడ కారుకీ అదే అయ్యుంటుందనుకున్నాను.

వెళ్లేసరికి ఆవిడ పోర్టికోలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. కారు తాళం ఒళ్లో ఉంది. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచీ నడక లేదట.

“నా వీల్‌చైర్ అందులోనే ఇరుక్కుపోయింది బాబూ. దసరా ముందునుంచీ ఇంతే. సామాను మద్రాసు నుంచి రావాలంటాడు మావాడు. ఎల్లుండి తెనాలిలో మా తమ్ముడి మనవరాలి పెళ్లి. కుర్చీ లేందే నన్నెలా తీసుకెళ్తారు?”

కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లారు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

రిమోట్ నొక్కితే నాలుగు తలుపులూ తెరుచుకున్నాయి. ఆ కారులో తలుపులకీ డిక్కీకీ ఒకటే ఫ్యూజు కాబట్టి ఫ్యూజు బాగున్నట్టే. నంబరు ప్లేటు లైట్లు వెలుగుతున్నాయి. డిక్కీ దగ్గర మాత్రం చప్పుడు లేదు. తాళం పెట్టడానికి మూత మీద కన్నమైనా లేదు. వెనక సీటు మడిచి ఆ సందులోంచి లోపలికి దూరాను. మడిచిన వీల్‌చైర్ కూడా ఆ సందులోంచి రాదు. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి డిక్కీ ఉన్న కొత్త కార్లలో, లోపల ఎవరైనా చిక్కుకుంటే తెరుచుకోవడానికి చీకట్లోనూ కనిపించే పిడి తప్పనిసరి చేశారు. ఈ కారులో అలాంటిదేమీ లేదు. ఎందుకు పెట్టరో నాకిప్పటికీ అర్థం కాదు.

లాకు ప్లగ్గు ఊడదీసి టెస్ట్ ల్యాంపు పెట్టాను. మోటారుకి కరెంటు నొక్కిన ఆ క్షణమే వస్తుంది, అందుకని రెండో మనిషి సాయం కావాలి.

“అమ్మగారూ, ఇప్పుడు నొక్కండి.”

“నొక్కాను బాబూ.”

ల్యాంపు వెలగలేదు. వెంట తెచ్చుకున్న చిన్న బ్యాటరీ నుంచి 12 వోల్టులు నేరుగా మోటారుకి ఇచ్చాను. టక్కుమంది, మూత పైకి లేచింది. మోటారు నిక్షేపంగా ఉంది. మద్రాసు నుంచి ఏదీ రానక్కర్లేదు.

బయటికొచ్చి కీలు దగ్గరి రబ్బరు గొట్టం జరిపి చూశాను. ఒక్క వైరు కూడా తెగలేదు. మూతకున్న ఫెల్టు అట్ట ఊడదీశాను. లాకుకి జానెడు దూరంలో మోటారు వైరు రెండు ముక్కలుగా ఉంది. అరిగి తెగిన వైరుకి పోగులు చెదిరి ఉంటాయి. ఇది కట్టర్ పెట్టినట్టు తిన్నగా ఉంది. రెండు కొసలకీ వేరువేరుగా నల్ల టేపు చుట్టి, ఒకదానికొకటి తగలకుండా వెనక్కి మడిచి ఉన్నాయి.

“ఏమైంది బాబూ?”

“వైరు అరిగి తెగిందండి. ఎండకీ వానకీ మామూలే. పది నిమిషాల్లో అతికించేస్తాను.”

కారు వెనక భాగం ఆవిడ వైపే ఉంది. నా చేతిలోని వైరు వంకే చూస్తున్నారు.

“అతికించొద్దులే. ఊరికే అనుమానం తీర్చుకుందామని పిలిచాను. కుర్చీ తీయకు, అట్ట పెట్టేసి మూసెయ్.”

“అమ్మగారూ...”

“వాడొచ్చి చూస్తే చిన్నబుచ్చుకుంటాడు.” పమిట చెంగు ముడి విప్పి రెండు ఐదొందల నోట్లు తీశారు. “ఆ టేపు మాత్రం ఇంకాస్త గట్టిగా చుట్టు బాబూ. ఆ కారు తోలేది వాడే.”