మా రోజుల్లో చెట్టుకొమ్మ చాలు

మా రోజుల్లో రోడ్డు మీద కబురు చెప్పాలంటే చెట్టుకొమ్మ చాలు. లారీ చెడిపోయి ఆగిందంటే క్లీనరు దిగి, తుమ్మకొమ్మ విరిచి వెనక దూరంగా పడేసేవాడు. రాత్రి వచ్చే బండి లైటు దాని మీద పడగానే డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోయేది. ఎదురు బండి డిప్పర్ కొట్టిందంటే ముందేదో ఉందన్నమాట. క్లీనరు తలుపు మీద ఒక్కసారి చరిస్తే ఆగు, రెండుసార్లయితే పోనియ్. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో ఉండి, గ్రే బట్ట తాకాలు టెంపోలో పల్సానా డైయింగ్ మిల్లులకు తోలిన నాకు అదే చదువు. అప్పుడీ బొంబాయి రోడ్డు ఎనిమిదో నంబరు. 2010లో మార్చి 48 అన్నారు. హజీరా నుంచి ధూలే పోయే 53 కూడా పల్సానా దగ్గరే దీన్ని కలుస్తుంది.

ఇంజినీరింగ్ చదివే మనుమరాలు ఆ కూడలిని, ఇక్కడివాళ్ల మాటలో చోకడిని, కంప్యూటర్లో నడిపి చూపించింది. అది సుమో అనే సాఫ్ట్‌వేరు. జర్మనీ అంతరిక్ష సంస్థ తయారుచేసి, 2001 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది.

"ఇందులో నా బండ్లు రేడియోలో మాట్లాడుకుంటాయి తాతా. ఎక్కడున్నాయో, ఎంత వేగంలో ఉన్నాయో సెకనుకు పదిసార్లు చెప్పుకుంటాయి."

మంచిదే. పొగమంచులో ముందు బండి బ్రేకు కొట్టిన సంగతి వెనక లారీకి క్షణంలో తెలిస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి! కొమ్మ అంత పని చేయలేదు, ఒప్పుకుంటాను.

కానీ ఆమె తెర మీద అన్నీ ఐదు మీటర్ల కార్లే. ఆగినా మధ్యలో రెండున్నర మీటర్ల సందు. పల్సానాలో ఆ సందు ఖాళీగా ఉంటుందా? ఇటు రెండు మోటారు సైకిళ్లు దూరతాయి, అటు ఆటో ముక్కు పెడుతుంది. మన రాకపోకలకు మన కొలతలతోనే 2017 నాటి ఇండో-హెచ్‌సీఎం అనే హైవే మాన్యువల్ ఉంది కదా, ఇంకా పరాయి అంకెలెందుకని గట్టిగానే అడిగాను.

"నడిచేవాళ్లేరీ బిడ్డా?"

"పెట్టొచ్చు తాతా. లెక్కే దొరకలేదు."

ఆ మాటకు నాకు కడుపు మండింది. మిల్లుల్లో పాళీ, అంటే షిఫ్టు, దిగి, రంగునీళ్లలో నానిన చేతులతో, టిఫిన్ డబ్బాలతో ఒడిశా, బీహార్, యూపీ పిల్లలు గుంపులుగా ఆ రోడ్డు దాటుతారు. వాళ్ల దగ్గర ఏ రేడియో ఉంది? నాతో తాకాలు మోసిన హమాలీ ఒకడు అలా దాటుతూనే పోయాడు. వాడప్పుడూ ఏ లెక్కలోనూ లేడు.

రేపు రాత్రి పాళీ దిగే వేళకు ఇద్దరం చోకడి దగ్గర నిలబడతాం. ఆమె బండ్లు రాసుకుంటుంది, నేను మనుషుల్ని.