తొట్టి

"గాస్కెట్ తీసెయ్. విజిల్ గూడ తీసెయ్. ఇది ఇప్పుడు పప్పు ఉడకబెట్టే కుక్కర్ గాదు, ఓవెను" అంది నా దోస్తు, ఫోన్లో వీడియో ఆపి.

కుక్కరు అడుగున తుంగభద్ర ఇసుక రెండు వేళ్ల మందాన పరిచాం. దాని మీద ఇనుప స్టాండు, స్టాండు మీద నెయ్యి రాసిన పళ్లెం. 2018 డిసెంబరు 23, ఆదివారం. వాళ్లు చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నారు. నేను మా ఇంట్లో 'నోట్స్ రాసుకోవాలి' అని చెప్పి వచ్చాను. ఇద్దరం ఇంటర్ రెండో ఏడాది. మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ కూతురు అది. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్క సందు.

అమెరికాలో పిల్లలు క్రిస్మస్‌కు ఇంట్లోనే చేసుకునే షుగర్ కుకీలు చెయ్యాలని దానికి పట్టుదల. మూడు గ్లాసుల మైదా, గ్లాసు చక్కెర, గ్లాసు వెన్న, ఒక గుడ్డు, చెంచాడు బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. వెనీలా ఎసెన్స్ కోసం బస్సెక్కి బ్రిడ్జి దాటి కర్నూలు పోయి వచ్చింది. వెన్నకు మాత్రం ఎక్కడికీ పోనక్కర లేకపోయింది. అది మా బర్రెది. పొద్దున్నే అమ్మ తూచి అమ్మింది.

మొదటి వాయి చూసి ఇద్దరం నోళ్లు తెరిచాం. నక్షత్రాలు పెట్టిన చోట జొన్నరొట్టెలు ఉన్నాయి. ఆలంపూర్‌లో డిసెంబరు అంటే పేరుకే చలికాలం. మధ్యాహ్నం ఎండకు వెన్న ముందే మెత్తబడింది. కుక్కర్లోకి పోగానే, మైదా గట్టిపడే లోపలే అది కరిగి పారింది.

"పిండి గంటసేపు ఫ్రిజ్‌ల పెట్టున్రి. వెన్న బిగుసుకుంటెనే ఆకారం నిలుస్తది" అంది టీచరమ్మ. మంచం మీద కూర్చుని మైదా జల్లెడ పడుతోంది.

"నీకెట్ల తెలుసు మమ్మీ?"

"అరిసె పాకం తెలిసినోళ్లకు ఇదెంత."

గంట ఆగి మళ్లీ మొదలుపెట్టాం. అచ్చులు లేవు కదా. అట్టముక్క మీద నక్షత్రం గీసి, కత్తిరించి, పిండి మీద పెట్టి చాకుతో కోశాం. గుండ్రానికి స్టీలు గ్లాసు, నెలవంకకు అదే గ్లాసు అంచు. కర్జికాయల చక్రం తిప్పితే అంచులకు ముచ్చటైన వంకీలు వచ్చాయి. సన్నమంట మీద పావుగంట. మూత తీసేసరికి ఇల్లంతా కమ్మటి వాసన.

"కుకీ అంటే ఏం మాటనో తెలుసునా?" టీచరమ్మలోని టీచరు లేచింది. "డచ్చోళ్ల మాట. చిన్న కేకు అని అర్థం. మా పుట్టిల్లు నల్లగొండ గదా. 1889ల రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ అని ఒక దొర వచ్చి నల్లగొండల మిషన్ పెట్టిండు. వాళ్లు మెన్నొనైట్లు. వాళ్లల్ల క్రిస్మస్‌కు వేలి కొసంత బిస్కెట్లు చేస్తరంట. పేరు పెప్పర్‌నట్స్. పిల్లలు జేబులు నింపుకొని తిరుగుతరంట."

"మరి మన దగ్గర ఎందుకు లేవు?"

"దొరలు పాటలిచ్చిన్రు, బడి ఇచ్చిన్రు, దవాఖాన ఇచ్చిన్రు. పొయ్యి మాత్రం మనదే ఉండె. అందుకే మన క్రిస్మస్‌కు అరిసెలు."

ఐసింగ్ వంతు వచ్చింది. చక్కెర మిక్సీలో మెత్తగా పట్టి, గుడ్డు తెల్లసొన కలిపి గిలక్కొట్టాం. ఎర్రకు బీట్‌రూట్, పచ్చకు పాలకూర, పసుపుకు పసుపే. ఖాళీ పాలప్యాకెట్ మూల కత్తిరిస్తే అదే కోను. తొందరపడి వేడి బిస్కెట్ మీద వేస్తే కారిపోయింది. చల్లారినాక వేస్తే నిలబడింది. నక్షత్రాల మీద నా దోస్తు చుక్కలూ గీతలూ అల్లుతుంటే ఎక్కడో చూసినట్టనిపించింది. నవబ్రహ్మ గుళ్లలో రాతి కిటికీల అల్లిక అది. వెయ్యేళ్లు దాటిన చాళుక్యుల గుళ్లు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దాక్కునేది మేమిద్దరం ఆ కిటికీల వెనకే.

నేను పదకొండు తిన్నాను. ఆ ఇంట్లో నేను ఏదైనా తింటాను. మా అమ్మకు తెలియదు.

"ఈసారి మీ ఇంటికి పంపే పళ్లెంల ఇవే" అంది నా దోస్తు. "ప్రతి ఏడూ పండ్లేనా? దవాఖానల రోగిని చూడబోయినట్లు!"

టీచరమ్మ ఏమీ అనలేదు. నా వైపు ఒకసారి చూసి, మళ్లీ జల్లెడ అందుకుంది.

మా అమ్మ చెడ్డది కాదు. ఇది ముందే చెప్పాలి. టీచరమ్మ వాళ్లకు రోజూ అరలీటరు పాలు మా ఇంటి నుంచే. ఒక్కరోజూ నీళ్లు కలపలేదు. గిన్నె వాళ్ల చేతిలో, చెంబు అమ్మ చేతిలో, మధ్యన జానెడు ఎడం. ధార తెగేది కాదు, చుక్క చిందేది కాదు. ఎంత పనితనమో అనుకునేదాన్ని చిన్నప్పుడు.

2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా రెండిళ్లవాళ్లం ఒకే డాబా మీద ఉన్నాం. అందిన పులిహోర పొట్లాలు విప్పి అందరం కలిసి తిన్నాం. అమ్మ కూడా తిన్నది. నీళ్లు తీసి, ఇళ్లలో బురద కడుక్కుని, మళ్లీ పాలు పోయడం మొదలయ్యేసరికి చెంబుకూ గిన్నెకూ మధ్య ఆ జానెడు తిరిగి వచ్చేసింది.

క్రిస్మస్ నాడు వాళ్ల ఇంటి నుంచి పళ్లెం వచ్చేది. అరిసెలు, కర్జికాయలు, రవ్వలడ్లు, పైన లేసు అల్లిన గుడ్డ. అమ్మ రెండు చేతులా అందుకునేది. "ఎందుకమ్మా టీచరమ్మా, ఇంత కష్టం" అనేది. మనసులోంచే అనేది. ఆ పళ్లెం వంటింట్లోకి పోయేది కాదు. పెరట్లోకి పోయేది. కుడితి తొట్టిలో కుమ్మరించి, పళ్లెం బూడిదతో తోమి, ఖాళీగా పంపితే బాగుండదని గుప్పెడు చక్కెర పోసి నా చేతికిచ్చేది.

"మనకు పడదే" అనేది, నేను అడిగితే. ఎందుకు పడదో చెప్పేది కాదు.

బర్రెకు మాత్రం పడేది. 2014 దాకా.

ఆ ఏడు వాళ్ల ఇంటి నిండా చుట్టాలు. పళ్లెం కాదు, గంపెడు వచ్చింది. గంపెడూ తొట్టిలోకే పోయింది. రాత్రి పదింటికి బర్రె కింద పడిపోయినంత పని చేసింది. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది, నోట్లోంచి సొంగ, నెమరు లేదు. నాన్న టార్చి పట్టుకుని సందు దాటి పరుగెత్తాడు. టీచరమ్మ భర్త పశువుల దవాఖానలో కాంపౌండరు.

ఆయన పండుగ అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. కొత్త చొక్కా చేతులు పైకి మడిచి, డొక్క మీద వేళ్లతో కొట్టి చూశాడు.

"ఏం పెట్టిన్రమ్మా ఇయ్యాల?"

"కుడితి తప్ప ఏం పెట్టలే కాంపౌండరయ్యా. జోగులాంబ తోడు."

ఆయన నాన్న చేతిలో టార్చి తీసుకుని గాటి పాటంతా ఒకసారి తిరిగి వచ్చాడు. "కుడితిల గంజి ఎక్కువైంటది" అన్నాడు. "పిండి పదార్థం ఎక్కువైతె పొట్టల పులుస్తది. గ్యాస్ పడ్తది. ఏం కాదు, భయపడకున్రి."

వంటసోడా అడిగి నీళ్లలో కలిపి తాగించాడు. గడువిచ్చి, వేరుశనగ నూనె పట్టించాడు. తెల్లవారుజామున రెండింటి దాకా పెరట్లో బర్రెను అటూ ఇటూ నడిపించాడు. దాహం అంటే అమ్మ నీళ్లు పోసింది. ఆయన దోసిలి పట్టి తాగాడు. తెల్లారి బర్రె నెమరు వేసింది. అమ్మ ఏడ్చేసింది. "మా పాలిటి దేవునివయ్యా" అని చేతులు జోడించింది. నాన్న డబ్బులు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "పండుగ పూట డబ్బులేంది" అన్నాడు.

మరుసటి ఏడు నుంచి పళ్లెంలో అరటిపండ్లు, బత్తాయిలు. మోకాళ్ల నొప్పులతో పిండి దంచలేకపోతున్నానంది టీచరమ్మ. అమ్మకు ప్రాణం తెరిపిన పడింది. "పండుకేం దోషం" అని తానూ తిన్నది, మాకూ పెట్టింది.

కుకీలు చేసిన రెండు రోజులకు, క్రిస్మస్ పొద్దున జోగులాంబ గుడి మైకూ, చర్చి మైకూ ఒకదాని వెంట ఒకటి మోగుతుండగా నేను వాళ్ల ఇంటికి పోయాను. వాకిట్లో తెల్లటి ముగ్గు, పైన కాగితపు నక్షత్రం. కాంపౌండరయ్యకు జూన్‌లో నారాయణపేట బదిలీ అయ్యింది. ముందురోజు రాత్రే వచ్చాడట, లోపల షేవింగ్ చేసుకుంటున్నాడు.

నా దోస్తు పెద్ద స్టీలు డబ్బా మూత తీసి చూపించింది. నక్షత్రాలు, గంటలు, నెలవంకలు. రాతి కిటికీ అల్లికల మీద చక్కెర మెరుస్తోంది. ఒకదాని మీద మా అమ్మ పేరు ఎర్రగా రాసింది.

టీచరమ్మ వంటింట్లోంచి ఇంకో డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. చిన్నది. మూత తీసి చూశాను. గోధుమరంగు బిళ్లలు. ఐసింగ్ లేదు, రంగు లేదు, వంకీలు లేవు. స్టీలు గ్లాసుతో కోసిన ఉత్త గుండ్రాలు.

"ఇవెప్పుడు చేసినవ్ మమ్మీ? ఇవేంది?"

"తవుడు, జొన్నపిండి, కొంచెం ఉప్పు. వాళ్ల బర్రెకు."

నా దోస్తు పడీ పడీ నవ్వింది. "బర్రెకు కుకీలా!"

"ఎందుకు నవ్వుతవ్? యేసయ్య పుట్టంగనే పండబెట్టింది తొట్టిలనే గదా. అందరికంటె ముందు క్రిస్మస్ చేసుకున్నయి పశువులే. దానికి గూడ పండుగే." నాకూ నవ్వొచ్చింది. టీచరమ్మ మాటలకు బైబిలు ఎప్పుడూ ఇట్లాగే సమయానికి అందుతుంది.

గేటు దాకా నాతో వచ్చింది. వెనక్కి తిరిగి కూతురు లోపలే ఉందని చూసుకుంది. నా డిక్టేషన్ కాపీలో తప్పు కనిపిస్తే, క్లాసులో ఎవరికీ వినబడకుండా వంగి చెప్పేది చూడండి, అదే గొంతుతో అంది:

"పెద్ద డబ్బాలవి మీ అమ్మ తిన్నా సరె, తినకున్నా సరె బిడ్డా. తొట్టిల మాత్రం చిన్న డబ్బావే ఎయ్యమను. మైదా, చక్కెర పడితె మళ్లీ డొక్క ఉబ్బుతది. ఈసారి మీ అంకుల్ సాయంత్రం బస్సుకే పోతడు. రాత్రి పిలిస్తె వచ్చేటోళ్లు ఎవరూ లేరు."